శాలువా బరువు

కుమ్‌హెలిగ్,
అక్టోబరు 17, 1934

ట్రాంటర్‌కి,

ఒకే గదిలో ఇరవై నాలుగేళ్లు ఎదురెదురుగా కూర్చున్నాం. ఉత్తరం రాయడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది. కోపం కాదు, బద్ధకం. గని మూతపడినప్పటి నుంచి ఈ ఊళ్లో అందరికీ తీరికే. తీరిక మరీ ఎక్కువైతే ఏ పనీ కాదు. సముద్రపు గాలికి నీ దమ్ము కాస్త నెమ్మదించి ఉంటుందనుకుంటాను. నా మోకాళ్లు మాత్రం వానను ఒకరోజు ముందే చెబుతున్నాయి. ఇక్కడ వానకి కొదవ లేదు కాబట్టి వాటికి సెలవన్నది లేదు.

సంగతేమిటంటే నన్ను మళ్లీ ఎన్నుకున్నారు. నవ్వకు, చదువు.

నేనిప్పుడు ప్రార్థన మందిరం వెనక హాలుకి కాపలా మనిషిని. తుడవడం, బెంచీలు సర్దడం, పొయ్యి రాజేయడం నా పని. ఆ పొయ్యి మీద ఒక పుస్తకమే రాయొచ్చు. గాలి పడమటి నుంచి వీస్తే పొగంతా లోపలికి, తూర్పు నుంచి వీస్తే వేడంతా బయటికి. సరే, అది అలా ఉంచు. మంగళవారాల్లో ఆ హాల్లో కౌన్సిల్ వాళ్లు తల్లీపిల్లల క్లినిక్కు పెట్టారు. వారం వారం నర్సు బెనన్ వస్తుంది, నెలకొకసారి డాక్టర్ లాక్‌వుడ్ వస్తాడు. బల్ల మీద తళతళలాడే కాటా, దాని మీద బుట్ట. పిల్లను క్లినిక్కు శాలువాలో చుట్టి బుట్టలో పెట్టి తూస్తారు. అందులోంచి శాలువా బరువు తీసేసి మిగిలింది కార్డు మీద రాస్తారు.

రెండు వారాలు ఒక్క తల్లి కూడా బిడ్డను ఆ బుట్టలో పెట్టలేదు. ఏడాది నిండని పిల్లను తూస్తే ఆయుష్షు తగ్గుతుందని మనవాళ్ల భయం నీకు తెలిసిందే. నర్సు బతిమాలింది, అలిగింది, మళ్లీ బతిమాలింది. అడ్డం పడుతున్నది ఆ భయం ఒక్కటే కాదని సేరా పార్ఫిట్ నోరు విప్పాక తెలిసింది. మూడో పొరలో బొగ్గు తవ్విన టామ్ పార్ఫిట్ నీకు గుర్తుండాలి, అతని భార్య. ఆరుగురు పిల్లలు, ఏడో బిడ్డ చంకలో.

"ఆ కాటా ఎవరిదమ్మా?" అని అడిగింది సేరా.

కౌన్సిల్‌దని నర్సు చెప్పింది. తూచేది తనేనని కూడా చెప్పింది.

"మరి మా తరఫున చూసేదెవరు?"

నర్సు పాపం పట్నం పిల్ల, బిక్కమొహం వేసింది. పక్కన తనవాడు లేకుండా దొరల కాటా మీద ఈ లోయలో ఎవరూ ఏదీ తూచనివ్వరని ఆమెకెవరు చెబుతారు? గనిలోంచి బొగ్గు టబ్బు పైకి రాగానే నువ్వు కంపెనీ తరఫున తూచేవాడివి; నువ్వు తక్కువ రాయకుండా నేను చూసేవాణ్ని, కార్మికులు ఓట్లేసి కూర్చోబెట్టిన మనిషిగా. వీళ్ల నాన్నలూ మొగుళ్లూ ఆ తూకాన్ని బట్టి వచ్చే కూలితో, ఆ పద్ధతిలోనే బతికారు. కాబట్టి అక్కడికక్కడే మీటింగు పెట్టి చేతులెత్తారు. నలభై ఒక్క చేతులు, వాటిలో కొన్ని పిల్లలవేనని నా అనుమానం. పొయ్యి ఊదుకుంటున్న నన్ను లేపి కాటా దగ్గర కూర్చోబెట్టారు. ప్రతి మంగళవారం పొద్దున శాలువాను నేను తూచి పలక మీద సుద్దతో రాయాలి. పిల్ల బరువు నేను పైకి చదవాలి, నర్సు రాసుకోవాలి.

నిన్న శాలువా తొమ్మిది ఔన్సులు. మొదట మా అమ్మాయి తెగ్వెన్ కొడుకు ఇడ్రిస్‌ని పెట్టాం. అల్లుడు పని వెతుక్కుంటూ ఇంగ్లండు పోయాక తల్లీబిడ్డా నా దగ్గరే ఉంటున్నారు. ఐదు నెలలవాడు, పదకొండు పౌన్లు. పద్నాలుగుండాలట. నేను పైకి చదివాను, నర్సు రాసుకుంది.

నీ పాత కాపలా,
ఎలిస్ ప్రోథరో

* * *

పోర్త్‌కాల్,
నవంబరు 4, 1934

ప్రోథరోకి,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఒకసారి విషయం కోసం, ఒకసారి నువ్వు ఎక్కడెక్కడ దారి తప్పావో చూడటానికి.

నా దమ్ము తగ్గలేదు. సముద్రపు గాలికి నా ఊపిరితిత్తుల సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మా అమ్మాయి ఎడిత్ ఇక్కడ గదులు అద్దెకిస్తుంది. వేసవిలో ఇంటినిండా జనం, చలికాలంలో నేను. కిటికీ దగ్గర కుర్చీ వేసి పెట్టింది. నీళ్లు వస్తాయి, పోతాయి. ఎంత వచ్చిందో ఎంత పోయిందో ఎవరూ తూచరు. మొదట్లో అది హాయిగా ఉండేది.

పిల్లల్ని తూస్తున్నావా? బొగ్గులో రాళ్లున్నాయని నేను కోత వేస్తే, టబ్బంతా కింద పోయించి ఒక్కొక్క రాయీ ఏరించేవాడివి. నర్సుతో కూడా అదే పేచీ పెడుతున్నావా? పిల్ల గుప్పిట్లో గిలక్కాయ ఉంటే ఆమె ఎంత కోస్తుంది?

ఒక్క మాట. మనం ఎక్కువగా పోట్లాడుకున్నది నిండు టబ్బు దగ్గర కాదు, తూకంలోంచి తీసేసే ఖాళీ టబ్బు బరువు దగ్గర. నిండు టబ్బు అందరికీ కనిపిస్తుంది, ఖాళీదాన్ని ఎవరూ చూడరు. నీ క్లినిక్కులో ఖాళీ టబ్బంటే ఆ శాలువాయే. దాన్ని తూచేది నువ్వే, పలక మీద రాసేదీ నువ్వే. నా మీద నువ్వుండేవాడివి. నీ మీద ఎవరున్నారు?

సరదాకే అన్నాను. పిల్లవాడు ఎంత పెరిగాడో ఈసారి రాయి.

విల్ఫ్రెడ్ ట్రాంటర్

* * *

కుమ్‌హెలిగ్,
జనవరి 9, 1935

ట్రాంటర్‌కి,

ఆలస్యమైంది. రాయడానికి ఏమీ లేక కాదు.

నా చదువు ఏపాటిదో నీకు తెలుసు. కార్మికుల లైబ్రరీలో విజ్ఞాన సర్వస్వం పద్నాలుగు సంపుటాలుండేవి. వరసగా తొమ్మిది పూర్తి చేసేసరికి లైబ్రరీ తలుపులు మూశారు. ఆ తొమ్మిదింట్లో ఉన్నది తేనెటీగల కాళ్ల దగ్గర్నుంచి ఏదడిగినా చెబుతాను. పాలు, తూకాలు మాత్రం మిగతా ఐదింట్లో ఉండిపోయాయి. నాకు కావలసింది ఎప్పుడూ అక్కడే ఉంటుంది.

పాల సంగతి ఎందుకంటే, ప్రతి కార్డు మీదా ఒక ఎర్ర గీత ఉంది. పిల్ల బరువు ఆ గీతకి కింద ఉంటే వారానికొక పాలపొడి డబ్బా ఊరికే ఇస్తారు. గీత దాటి మూడు వారాలు నిలిస్తే డబ్బా ఆపేస్తారు. పిల్ల బాగుపడిందిగా, ఇక పాలెందుకని. కర్ర పోటేసుకుని నడుస్తున్నవాణ్ని చూసి, బాగానే నడుస్తున్నావే అని కర్ర లాక్కున్నట్టు.

ఇడ్రిస్ నవంబరు మొదట్లో గీత దాటాడు. నేను పైకి చదివితే హాలంతా చప్పట్లు కొట్టింది. నెలాఖరుకి డబ్బా ఆగింది. తెగ్వెన్ తినేది రొట్టె, టీ, మళ్లీ టీ. ఆమె దగ్గర పాలెక్కడివి? డిసెంబరు మధ్యకల్లా వాడు పన్నెండు ఔన్సులు తగ్గాడు. గీత కిందికి వచ్చినా, డాక్టరు సంతకం లేనిదే డబ్బా రాదు, డాక్టరేమో నెలకొకసారి. ఈ లోపల వాడు ఏడవడం కూడా మానేశాడు. ఏడ్చే పిల్లాడున్న ఇల్లు ఎంత నిశ్చింతగా ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది.

మిగతా ఇళ్లలోనూ ఇదే కథ. "గీత దాటకుండా పిల్లని పెంచే ఉపాయం చెప్పు, ఎలిస్ బాబాయ్," అంది సేరా. "పిల్ల బాగా తినాలి, తిన్నట్టు ఎవరికీ కనపడకూడదు."

వాడికి ఇప్పుడు మళ్లీ డబ్బా వస్తోంది. పరవాలేదు.

ఒక సందేహం. ఉన్ని శాలువా తడి గాలికి ఎంత బరువెక్కుతుంది? ఇక్కడ విడవకుండా వాన. ఊరికే అడిగాను.

ఎలిస్

* * *

పోర్త్‌కాల్,
జనవరి 15, 1935

ప్రోథరోకి,

అర ఔన్సు. ఎడిత్ శాలువాను వాకిట్లో తడి గాలికి ఒక పూటంతా వేలాడదీసి, తెచ్చి వంటింటి కాటా మీద తూచాను. ఆమె నాకు మతి పోయిందనుకుంది. నీ దగ్గర అంతకంటే ఎక్కువ ఎక్కుతోందంటే అది వాన కాదు.

నువ్వు ఏదీ ఊరికే అడగవు. పలక మీద ఎంత రాస్తున్నావు? పన్నెండా?

ఇరవై నాలుగేళ్లు నన్ను దొంగన్నావు. మీటింగుల్లో అన్నావు, ముఖాన అన్నావు, నాకు రాదనుకుని మీ వేల్స్ భాషలో కూడా అన్నావు. ఈ ఉత్తరం చదివి నేను నవ్వుకోవాలి. కుర్చీలో కూర్చుని చాలాసేపు చూశాను, నవ్వు రాలేదు.

ఆపేయి. ఎందుకని అడగకు, చెప్పే ఓపిక లేదు.

ట్రాంటర్

* * *

కుమ్‌హెలిగ్,
మార్చి 6, 1935

ట్రాంటర్‌కి,

నువ్వు చెప్పినప్పుడే ఆపాల్సింది.

డిసెంబరులో శాలువా పన్నెండనే రాశాను. ఇడ్రిస్ ఒక్కడి కోసమైతే దొంగతనం, అందరినీ చుట్టేది ఒకే శాలువా కాబట్టి ఇది న్యాయమే అని నాకు నేను చెప్పుకున్నాను. నా వయసుకి మనిషి తనకి తాను ఏదైనా చెప్పుకోగలడు. కానీ పిల్లలు పెరుగుతున్నారు కదా. గీత దాటకుండా ఉండాలంటే వాళ్లతోపాటు పలక మీద శాలువా కూడా పెరగాలి. జనవరిలో పద్దెనిమిది, ఫిబ్రవరిలో ఇరవై ఆరు. తల్లులకి తెలుసు. పలక వైపు ఒకసారి చూసి, పిల్ల సాక్సులు సర్దుకుంటూ తల దించుకునేవాళ్లు. డబ్బాలు ఆగలేదు. పిల్లల చెంపలు నిండాయి. ఇడ్రిస్ రొమ్ము మీద ఎముకలు లెక్కపెట్టడానికి వీల్లేకుండా పోయాయి.

నిన్న డాక్టర్ లాక్‌వుడ్ కార్డులన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. చెడ్డమనిషి కాదు. మూడు ఊళ్లు తిరిగి తిరిగి, కూర్చున్న కుర్చీలోనే బూట్లు వదులు చేసుకుంటాడు. పై ఊరి క్లినిక్కులో పాలివ్వరు. ఈ ఐదు నెలల్లో అక్కడి పిల్లలు ఎంత పెరిగారో మన పిల్లలూ అంతే పెరిగారని ఆయన తేల్చాడు, ఇంకా ఒక ఔన్సు తక్కువేనట. అంటే పాలు దండగ. తల్లులు డబ్బాల్ని ఏదో చేస్తున్నారు, లేదా పాలతో పనే లేదు. అదే రిపోర్టు రాశాడు. ఇరవై ఎనిమిదో తారీకు కౌన్సిల్ మీటింగులో పాలు అందరికీ ఆపేస్తారు. ముప్పై ఎనిమిది మంది పిల్లలు.

అర్థమైందా? పాలు పనిచేశాయి. పనిచేయలేదని సుద్దముక్కతో సాక్ష్యం రాసినవాణ్ని నేను.

నిజం చెబితే నా పేరు పోతుంది. నాకున్నది అదొక్కటే; ఇల్లు కంపెనీది, మోకాళ్లు నా మాట వినడం ఎప్పుడో మానేశాయి. ఎలిస్ ప్రోథరో చూసిన తూకం అంటే ఈ లోయలో ఎవరూ రెండోసారి అడగరు. చెప్పకపోతే పాలు పోతాయి. ఒప్పుకున్నా నమ్ముతారో లేదో తెలియదు. ఏం చేయమంటావు?

ఎలిస్

* * *

పోర్త్‌కాల్,
మార్చి 9, 1935

ప్రోథరోకి,

వెళ్లి చెప్పు. ఇవాళే. ఇరవై ఎనిమిదో తారీకు దాకా ఆగకు.

ఎందుకు ఆపమన్నానో జనవరిలో చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే నీకు ధైర్యం రాదు కాబట్టి చెబుతున్నాను. ఇది మూడో పేజీలో రాస్తున్నాను, మొదటి రెండు చింపేశాను.

ఇరవై ఆరో సంవత్సరం లాకౌట్ నీకు గుర్తుచేయనక్కర్లేదు. ఏడు నెలల పస్తుల తర్వాత మనుషులు గనిలోకి దిగారు. మూడో పొర నుంచి టబ్బులు వెలితి వెలితిగా వచ్చేవి. పార చేతిలో నిలబడేది కాదు వాళ్లకి. నేను కంపెనీ మనిషిని, నిజమే. నాకూ కళ్లున్నాయి. ఆ చలికాలమంతా మూడో పొర టబ్బుకి ఇరవై ఐదు పౌన్లు, ముప్పై పౌన్లు ఎక్కువ చదివాను. నువ్వు పక్కనే ఉన్నావు. నువ్వెప్పుడూ తక్కువ కోసమే చూశావు, ఎక్కువ చదివితే నీకు వినపడేది కాదు.

వసంతంలో దొరలు నా లెక్కలే తీసుకుని కూర్చున్నారు. పస్తులున్న మనుషులే ఇంత నింపుతున్నారంటే ఆ పొరలో బొగ్గు సులువుగా వస్తోంది అన్నారు. టన్నుకిచ్చే రేటు కోసేశారు. అందరికీ, అన్ని పొరలకీ. నువ్వు జెండా పట్టుకుని ముందు నడిచావు, గేటు బయట నిలబడి దొంగలని అరిచావు. నేను కిటికీలోంచి చూశాను. కోత ఎందుకు పడిందో చెప్పగలిగినవాణ్ని నేనొక్కణ్నే. చెబితే ఉద్యోగం పోతుందని చెప్పలేదు. ఎనిమిదేళ్లయింది. సముద్రపు గాలి కోసం వచ్చానని అందరికీ చెప్పుకున్నాను.

దయతో తప్పు తూచినా, ఆ అంకె ఏ గదిలోకి పోతుందో, ఎవరు చదువుకుంటారో మన చేతిలో ఉండదు. నాకు సమయం దాటిపోయింది. నీకింకా పంతొమ్మిది రోజులున్నాయి.

విల్ఫ్రెడ్

* * *

కుమ్‌హెలిగ్,
మార్చి 13, 1935

విల్ఫ్రెడ్‌కి,

నీ మూడో పేజీ గురించి ఇప్పుడేమీ రాయను.

ముందు నర్సు బెనన్‌కి చెప్పాను. టోపీ చేత్తో పట్టుకుని, మొదట తోకచుక్కల గురించి ఏదో మొదలుపెట్టాను, అది మూడో సంపుటంలో ఉంది. ఆమె మధ్యలో ఆపింది.

"నాకూ కూడికలు వచ్చు, మిస్టర్ ప్రోథరో. ఈ ఐదు నెలల్లో ఈ హాల్లో అందరికంటే బాగా పెరిగింది ఆ శాలువాయే."

మరెందుకు ఊరుకున్నావమ్మా అంటే, ఆ ఇళ్లకి వెళ్లేది నేనే కదా అంది. ఆమె మాట డాక్టరు దగ్గర ఎత్తకూడదని అక్కడే అనుకున్నాను.

నిన్న సాయంత్రం డాక్టరు ఇంటికి వెళ్లాను. అంతా విన్నాడు. అరవలేదు, అరిస్తే బాగుండేది. కళ్లద్దాలు తీసి ముక్కు నొక్కుకున్నాడు.

"ఇన్నాళ్లూ తక్కువ రాశానంటున్నావు, ప్రోథరో. మళ్లీ తూస్తే పిల్లలు పెరిగినట్టు కనిపిస్తారంటున్నావు. ఇప్పుడు ఎక్కువ రాయడం లేదని నేనెలా నమ్మను? నేను నమ్మినా, కౌన్సిల్ ఎలా నమ్ముతుంది?"

నర్సు తూస్తానన్నా, ఆమె తల్లుల పక్షమంటారు. అక్టోబరు తూకాలు నిజమైనవి, కార్డుల మీదే ఉన్నాయి. వాటి పక్కన ఇవాళ్టి నిజమైన తూకం పెడితే చాలు, పాలు ఏం చేశాయో గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. కానీ తూచేదెవరు? కౌన్సిల్లో సగం మంది కంపెనీ వాళ్లు. వాళ్లు నమ్మేవాడు కావాలి. ఈ తల్లులకి ఒక్క ఔన్సు కూడా కలిపి రాయడని ఊరంతా ఒట్టేసి చెప్పగలిగినవాడు కావాలి.

అలాంటివాడు ఒక్కడున్నాడని డాక్టరుకి చెప్పాను. నిన్ను ఈ ఊళ్లో ఎంతగా అసహ్యించుకుంటారో కూడా చెప్పాను. ఆయన మొదటిసారి నవ్వాడు.

పంతొమ్మిదో తారీకు, మంగళవారం. దమ్ముతో కొండెక్కడం కష్టమని తెలుసు. స్టేషనుకి బొగ్గు బండి పంపుతాను.

ఎలిస్

* * *

పోర్త్‌కాల్,
మార్చి 15, 1935

ఎలిస్‌కి,

పదకొండు గంటల రైలుకి వస్తాను. ఎడిత్ ఒప్పుకోవడం లేదు, అయినా వస్తాను. ఈసారి నేను ఎవరి తరఫునో ముందే నువ్వు ఎవరికీ చెప్పకు. కాటా చూపింది చదువుతాను, అంతే. నువ్వు నీ పాత చోట కూర్చో.

విల్ఫ్రెడ్

* * *

కుమ్‌హెలిగ్,
ఏప్రిల్ 3, 1935

విల్ఫ్రెడ్‌కి,

ఆ రోజు నువ్వు బండిలో నిద్రపోతూనే వెళ్లిపోయావు, కాబట్టి తర్వాత జరిగింది రాస్తున్నాను. దమ్ము తగ్గిందా? ఎడిత్ నన్ను ఎంత తిట్టిందో రాయనక్కర్లేదు, ఆమే కార్డు రాసింది.

నువ్వు గుమ్మంలోకి రాగానే తల్లులు పిల్లల్ని ఎలా దగ్గరికి లాక్కున్నారో నువ్వు చూశావు. సేరా మాట నీకు వినపడలేదనుకుంటాను: "ఈయన మా ఆయన టబ్బుల్లో సగం మింగేశాడు. మా పాపకి కాళ్లయినా మిగులుస్తాడా?" నువ్వు కోటు విప్పి, ముందు శాలువా తెమ్మన్నావు. తొమ్మిది కాదు, ఎనిమిదిన్నర అన్నావు. ఉతికి ఉతికి అరిగిపోయిందని నాకే తోచలేదు. అప్పటి నుంచి ఒక్క తల్లీ గొణగలేదు. ముప్పై ఎనిమిది మందిని దగ్గుకుంటూ తూచావు. ఇడ్రిస్ పదిహేడు పౌన్ల నాలుగు ఔన్సులని నువ్వు చదివినప్పుడు నేను పొయ్యి వైపు తిరిగాను. పొగ. గాలి పడమటిది.

కౌన్సిల్లో మన పాత గని మేనేజరు లేచి, ట్రాంటర్ తూచాడంటే ఇంక మాట్లాడటానికి లేదన్నాడట. పాలు ఉంటాయి. ఎర్ర గీత కూడా ఉంటుంది. అయితే గీత దాటినా ఆరు వారాల దాకా డబ్బా ఆపరు. మూడు వారాలు కలిసొచ్చాయి. ఇంతకోసమా ఇదంతా అనిపించింది, మర్నాడు మళ్లీ పొయ్యి ఊడ్చాను. నన్ను కాటా దగ్గరికి రావద్దన్నారు. పొయ్యి వరకూ ఫరవాలేదట. దారిలో మగవాళ్లు నాకు ఇంకా టోపీ ఎత్తుతున్నారు, కాకపోతే ఒక క్షణం ఆలోచించి. తల్లులు మళ్లీ చేతులెత్తి సేరాను ఎన్నుకున్నారు.

ఇక నీ మూడో పేజీ. నేను తక్కువ కోసమే చూశానన్నావు. విల్ఫ్రెడ్, నువ్వు ఎక్కువ చదవడం మొదలుపెట్టిన రోజు రెండో టబ్బుకే నాకు తెలిసింది. కాటా చూపింది ఒక వరస, నువ్వు చదివింది ఒక వరస, ఆ చలికాలమంతా నా పుస్తకంలో రెండు వరసలున్నాయి. మనవాళ్లకి మేలేగా అని ఊరుకున్నాను. రేటు ఎందుకు కోశారో కూడా తెలుసు. తెలిసే జెండా పట్టుకుని నడిచాను, నిన్ను దొంగని అరిచాను. నోరు మూసుకుంటే జనం అడుగుతారని. ఎనిమిదేళ్లు ఇది నాకొక్కడికే తెలుసనుకున్నాను. నువ్వూ అలాగే అనుకుంటూ ఆ కిటికీ దగ్గర కూర్చున్నావని నాకేం తెలుసు?

ఆ రోజు భోజనం దగ్గర చెబుదామనుకున్నాను. పులుసు గిన్నె ముందే కునికావు, లేపబుద్ధి కాలేదు.

నిన్న సేరా మొదటిసారి కాటా దగ్గర కూర్చుంది. కూర్చుంటూనే "ముందు శాలువా" అంది. ఎనిమిదిన్నర. గాలి తూర్పు నుంచి వీస్తోంది, వేడంతా బయటికే పోతోంది, పిల్లలు వణుకుతున్నారు. ఆ చలికాలపు పుస్తకం ఇంటి నుంచి తెచ్చి పొయ్యిలో వేశాను. ఓ పావుగంట హాలు బాగానే వెచ్చగా ఉంది.

ఎలిస్